ఒక తోలు జాకెట్, ఇద్దరు దొంగలు

దొంగతనం ఒక్కటే. ఒప్పుకున్న దొంగలు మాత్రం ఇద్దరు. అదీ ఎవరికి వారు, తామొక్కరే చేశామని సంతకం పెట్టి మరీ ఒప్పుకున్నారు.

ఇన్‌స్పెక్టర్ హదానో ఆ రెండు కాగితాల్నీ బల్లమీద పక్కపక్కన పరిచి, పెళ్ళి శుభలేఖలు చూసుకున్నట్టు మురిపెంగా చూసుకున్నాడు.

"ఒంటిగంటా యాభైకి తండ్రి ఒప్పుకున్నాడు. రెండుంబావుకి కూతురు ఒప్పుకుంది. వేరువేరు గదుల్లో పెట్టాం. ఒకరి సంగతి ఒకరికి తెలీదు. నా సర్వీసులో ఇంత సుఖమైన కేసు చూళ్ళేదు తోదో గారూ! నాలుగింటికి ఇద్దర్నీ ప్రాసిక్యూటర్ దగ్గరికి పంపించేస్తాను. మీరు ఇంటికెళ్ళి హాయిగా నడుం వాల్చండి."

తోదో అకినె గోడ గడియారం వైపు చూసింది. రెండూ నలభై. బీమా కంపెనీల తరఫున దర్యాప్తులు చేసే ఈ ప్రైవేటు డిటెక్టివ్‌కి పదకొండేళ్ళ అనుభవంలో ఒక్క విషయం బాగా వంటబట్టింది. ఒక నేరానికి దొంగ ఒకడు తక్కువైతే దొరికే దారి ఉంటుంది. ఒకడు ఎక్కువైతేనే కథ మొదటికొస్తుంది.

"సరేనండీ. ఇంతకీ అసలు జాకెట్ ఏం చేశారట?"

హదానో గొంతు సవరించుకున్నాడు. "సముద్రంలో పడేశానని తండ్రి. కాల్చేశానని కూతురు."

"సముద్రంలో మునిగినదాన్ని కాల్చాలంటే చాలా కిరోసిన్ కావాలే!"

"వెటకారాలొద్దు."

"వెటకారం కాదండీ, అనుమానం. చెరో పదినిమిషాలు మాట్లాడనివ్వండి. జాకెట్ బీమా మా కంపెనీదే. నాకా హక్కుంది."

హదానో నిట్టూర్చి తాళాల గుత్తి తీశాడు.

పోయిన జాకెట్ మామూలుది కాదు. 1942లో ఒక అమెరికన్ బాంబర్ పైలట్ కోసం కుట్టిన గుర్రపుతోలు జాకెట్. దాన్ని కోబెలో పాత సైనిక దుస్తులమ్మే నగుమొ సంపాదించి, తన కొట్టు మధ్యలో గాజుపెట్టెలో పెట్టాడు. అచ్చం అలాంటి కొత్త జాకెట్లు కుట్టడంలో, ఇప్పుడు నేరం ఒప్పుకున్న ఆ తండ్రి ఎనత్సును మించినవాడు లేడు. పేటర్ను, అంటే కత్తిరింపు నమూనా, తీసుకోవడానికి ఆయన దాన్ని మూడు వారాలు ఎరువు తీసుకుని, పోయిన వారం సోమవారం తిరిగిచ్చాడు. ఈ మంగళవారం సవతారి అనే పాతదుస్తుల పరీక్షకుడు ఊదారంగు అల్ట్రావయొలెట్ దీపం వేసి చూసి, 'ఇది నకిలీ' అని తేల్చాడు. అంటే ఎనత్సు అసలుది ఉంచుకుని, తను కుట్టిన నకలు తిరిగిచ్చాడన్నమాట. ఆ రోజునుంచీ గాజుపెట్టెకు పోలీసు సీలు. నలభై ఏళ్ళ మంచిపేరు నాలుగు రోజుల్లో గంగపాలైంది.

ఎనత్సు గదిలో వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నాడు. అరవైఎనిమిదేళ్ళ మనిషి. వేళ్ళ చివర్లు సూదిపోట్లతో గట్టిపడి ఉన్నాయి.

"ఏ రేవు దగ్గర పడేశారు?" కుర్చీ లాక్కోకముందే అడిగింది తోదో.

"రేవు... గుర్తులేదమ్మా."

"ఎన్నిగంటలకి?"

"సాయంత్రం."

"నకిలీ మీరే కుట్టారా?"

"నేనే."

"మూడు వారాల్లోనే పేటర్ను తీసి, తోలు కోసి, కుట్టి, దానికి యాభై అయిదేళ్ళ ముసలితనం కూడా తెచ్చేశారా?"

ఎనత్సు బల్లమీద వేలితో కనపడని గీత ఒకటి గీస్తున్నాడు.

"ఎవర్ని కాపాడుతున్నారు తాతగారూ?"

వేలు ఆగిపోయింది. ఆయన గొంతు తగ్గించి, తలుపువైపు చూస్తూ చెప్పాడు.

"మంగళవారం నన్ను కొట్టుకు పిలిచారు. ముట్టుకోనివ్వలేదు. గాజులోంచే చూశాను. ఎడమ మోచేతి మీద నూనెమరక ఉంది. కాలరు కొక్కెం దగ్గర పగులుంది. జేబుమూల మూడు కుట్లు పక్కకి జారి ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కటి తప్పలేదమ్మా! అలాంటి నకలు తియ్యగలిగిన చేతులు ఈ దేశంలో రెండు జతలే. ఒకటి నాది. నా చూపు మసకబారి రెండేళ్ళయింది."

రెండో జత ఎవరిదో ఆయన చెప్పలేదు, తోదో అడగలేదు. ఆ ముసలిగొంతులో భయం ఉంది. భయంతో పాటు ఇంకేదో కూడా ఉంది. అదేమిటో ఆమెకి అప్పుడు అంతుపట్టలేదు.

"మీరు పేటర్ను ఎలా తీస్తారు?" మాట మార్చింది.

అంతే, మనిషి మారిపోయాడు. చెయ్యి పైకి లేచింది, కళ్ళు వెలిగాయి.

"అందరూ ఇవాళ్టి కొలత కొలుస్తారు. అదే బుద్ధితక్కువ పని! తోలు ముసలిదైతే ముడుచుకుంటుంది. ముడుచుకున్న కొలతతో కొత్తది కుడితే, తాత చొక్కా మనవడికి తొడిగినట్టుంటుంది. నేను కుట్లు లెక్కపెడతాను. ఆనాటి ఫ్యాక్టరీ ఆడవాళ్ళు దాన్ని మూడు అంగుళాలకి ముప్పై కుట్లు వేసి కుట్టారు. ఇవాళ ఆ జాకెట్‌మీద మూడు అంగుళాలు కొలిస్తే ముప్పైరెండొస్తాయి. తోలు దగ్గరపడింది, కుట్లూ దగ్గరపడ్డాయి. ఆ రెండు కుట్లనిబట్టి అది పుట్టిననాటి కొలత కడతాను. మళ్ళీ ముప్పైకే కుడతాను."

"మీ అమ్మాయి కూడా ముప్పైయేనా?"

"ముప్పైఒకటి పడితే నేను ఊరుకుంటానా? విప్పించి మళ్ళీ కుట్టించేవాణ్ణి. పన్నెండేళ్ళనుంచీ దాని చేతికి ముప్పైయే అలవాటు."

తోదో లేచింది. రెండూ యాభైమూడు.

కూతురు మిచిరు పక్క గదిలో చేతులు కట్టుకుని, కొట్లాటకి సిద్ధమైనట్టు కూర్చుంది. ముప్పైనాలుగేళ్ళుంటాయి. కళ్ళు ఉబ్బి ఉన్నాయిగాని గొంతు గట్టిగానే ఉంది.

"నేనే చేశాను. ఎన్నిసార్లు చెప్పాలి? మా నాన్నకేం తెలీదు. ఆయన్ని ఇంటికి పంపించెయ్యండి."

"పంపిస్తారులెండి. గాజులోంచి మీరూ చూశారా, ఆ నకిలీని?"

"చూశాను."

"ఎలా ఉంది?"

"ఎలా ఉండడమేంటి? అద్భుతం! కాలరు మలుపు చూశారా? ఆ మలుపు నా జన్మలో నాకు రాదు. నాన్న తప్ప..."

టక్కున ఆగిపోయింది. చేత్తో నోరు మూసుకుంది. తోదో నీళ్ళగ్లాసు ఆమె ముందుకు జరిపి, గదిలోంచి బయటపడి వరండాలో నాలుగడుగులు వేసింది. అయిదో అడుగు పడలేదు.

కూతురు కుట్టిందని తండ్రి నమ్ముతున్నాడు. తండ్రి కుట్టాడని కూతురు నమ్ముతోంది. ఇద్దరూ కుట్టలేదు. పోనీ మూడోవాడెవడైనా కుట్టాడా అంటే, అలాంటి చేతులు ఇంకెవరికీ లేవని ఇద్దరూ ఒట్టేసి చెబుతున్నారు. మరకా ఉంది, పగులూ ఉంది, జారిన మూడు కుట్లూ ఉన్నాయి. మరి అది కుట్టిందెవరు?

తోదో మెట్లమీద పరుగెత్తి హదానో గది తలుపు తోసింది.

"ఇద్దర్నీ బయల్దేరదీయండి! నగుమొ కొట్టుకి!"

"మీకు మతిపోయిందా?"

"ఒప్పుకున్నవాళ్ళని చోటుకి తీసుకెళ్ళి, నేరం ఎలా చేశారో చేసి చూపించమనడం మీ పద్ధతే కదా! ఆ పని చెయ్యకుండానే నాలుగింటికి కాగితాలు పంపిస్తే, ప్రాసిక్యూటర్ మొదట అడిగేది అదే. నేనైతే అదే అడుగుతాను."

హదానో ఆమెని కొరకొరా చూశాడు. కోపం ఎంతున్నా, ఆ మాటలో లోపం దొరకలేదు. టోపీ తీసుకున్నాడు.

మూడూ పద్దెనిమిదికి కొట్టు దగ్గర దిగారు. తలుపు గంట మోగింది. లోపల నగుమొ గాజుపెట్టె పక్కన దిగాలుగా నిలబడి ఉన్నాడు. సవతారి కలం మూత తీసి నగుమొ చేతికి అందిస్తున్నాడు. నున్నగా దువ్విన జుట్టు, తన ఒంటిమీద కూడా ఓ ఖరీదైన పైలట్ జాకెట్, చంకలో తోలుసంచీ.

"ఏం సంతకం అది?" తోదో అడిగింది.

"కేసయ్యాక ఈ నకిలీని నాకిచ్చేలా కాగితమండీ," అన్నాడు సవతారి నవ్వుతూ. "నా శిష్యులకి చూపించడానికి. మోసం ఎలా ఉంటుందో కళ్ళతో చూడాలిగా! పాపం, నగుమొ గారికీ నాలుగు డబ్బులొస్తాయి. ఇంతకీ తమరెవరు?"

"బీమా తరఫున. తోదో."

"ఓహో! బీమావాళ్ళు ఇప్పుడు తోలు చదవడం కూడా మొదలెట్టారా? ఇన్నాళ్ళూ మీకు అంకెలే తెలుసనుకున్నా."

"ఇవాళా అంకెలకోసమే వచ్చాను. ముప్పై, ముప్పైరెండు. ఇన్‌స్పెక్టర్ గారూ, సీలు తియ్యండి."

"తీస్తే మళ్ళీ వెయ్యాలి. ఎన్ని కాగితాలు రాయాలో మీకేం తెలుసు!" గొణుగుతూనే హదానో కత్తి తీసి సీలు కోశాడు. తండ్రీ కూతుళ్ళు గుమ్మం దగ్గర, చెరో పక్క ఒక కానిస్టేబుల్‌తో నిలబడ్డారు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడం లేదు.

తోదో తెల్లటి చేతితొడుగులు వేసుకుంది. జిప్పు పక్క కుట్టుమీద టేపు ఆనించి, సూదిమొనతో ఒక్కొక్క కుట్టూ తాకుతూ పైకే లెక్కపెట్టింది.

"...ఇరవైతొమ్మిది. ముప్పై."

సూది ఆగలేదు.

"ముప్పైఒకటి. ముప్పైరెండు. ఇక్కడికి మూడు అంగుళాలు."

గుమ్మం దగ్గర మిచిరు ఊపిరి గట్టిగా లోపలికి పీల్చింది. ఎనత్సు ఒక అడుగు ముందుకు పడబోయాడు. కానిస్టేబుల్ భుజం పట్టుకున్నాడు.

"మళ్ళీ లెక్కపెట్టమ్మా," అన్నాడు ముసలాయన. "వెనకవైపు, భుజం కింద."

వెనక కూడా ముప్పైరెండే.

"అయితే ఏంటట?" హదానో విసుక్కున్నాడు.

"ఈ తండ్రీ కూతుళ్ళు కుడితే ముప్పై ఉండాలి. ముప్పైరెండంటే తోలు ముడుచుకోవడానికి యాభై అయిదేళ్ళు పట్టిందని లెక్క. ఇన్‌స్పెక్టర్ గారూ, నాలుగు రోజులుగా మనం చంకలో బిడ్డని పెట్టుకుని ఊరంతా వెతుకుతున్నాం. ఇదే అసలుది. ఎవరూ మార్చలేదు. అసలు దొంగతనమే జరగలేదు!"

నగుమొ చేతిలో కలం కిందపడింది.

సవతారి మాత్రం హాయిగా నవ్వాడు. "భలే! మిషన్ మర కాస్త తిప్పితే ముప్పైరెండేంటి, నలభై వేస్తాను నేను. కుట్టు అబద్ధం చెబుతుంది మేడమ్, దారం చెప్పదు. పాత నూలుదారం ఈ దీపం కింద చీకటిగా ఉంటుంది, కొత్తది మెరుస్తుంది. ఈ వ్యాపారంలో పసివాడికి కూడా తెలిసిన ముక్క. లైట్లార్పండి నగుమొ గారూ."

లైట్లు ఆరిపోయాయి. సవతారి చేతిలో ఊదారంగు వెలుగు పుట్టింది. జిప్పు వెంబడి, కాలరు అంచున, చేతుల మీద, కుట్టు కుట్టూ నీలంగా మిలమిలా మెరిసింది.

"ఇంకేమైనా చెబుతారా?" హదానో గొంతు చీకట్లోంచి వచ్చింది. కొట్టు గడియారంలో మూడున్నర గంట మోగింది.

ఇక్కడ ఒక్క మాట తప్పితే ఆ ముసలాయన నాలుగింటికి జైలు బండెక్కుతాడు. అయినా తోదో గొంతు తొణకనివ్వలేదు.

"సవతారి గారూ, 'లోపలా బయటా ప్రతి కుట్టూ పరీక్షించాను, అన్నీ మెరుస్తున్నాయి' అని సర్టిఫికెట్లో రాశారు. లోపలంటే జేబుల్లోపల కూడానా?"

"జేబుల్లోపల కూడా. నాకు సగం పనులు చేసే అలవాటు లేదు."

"విన్నారుగా ఇన్‌స్పెక్టర్ గారూ? లైట్లు వెయ్యండి. నగుమొ గారూ, ఒక కప్పు నీళ్ళు, బట్టలుతికే సబ్బుపొడి చెంచాడు. అలాగే, మీ దగ్గర చిరిగిపోయిన పాత జాకెట్ ఏదైనా ఉందా? అసలుదే కావాలి."

నగుమొ వెనకగదిలోంచి తెగిపోయిన తోలుచెయ్యి ఒకటి తెచ్చాడు. "ఇది యుద్ధకాలం నాటిదే. సవతారి గారే పరీక్షించి చెప్పారు."

లైట్లు ఒకసారి ఆర్పి చూశారు. దీపం కింద ఆ చేతి దారం చీకటిగా ఉంది. తోదో గుడ్డముక్క సబ్బునీళ్ళలో ముంచి, కుట్టుమీద రెండుసార్లు అద్ది, పొడిగుడ్డతో ఒత్తింది. మళ్ళీ లైట్లు ఆరాయి. దీపం వెలిగింది.

యుద్ధకాలం నాటి దారం మిలమిలా మెరిసింది.

"అమ్మనీ!" అన్నాడు హదానో.

"తెల్లగా కనిపించాలని సబ్బుపొడిలో ఏదో కలుపుతారు. మెరిసేది అదే. మీ చొక్కా కాలరు చూసుకోండి."

హదానో మెడచుట్టూ కాలరు నీలంగా వెలుగుతోంది. గబుక్కున కోటుతో కప్పుకున్నాడు.

సవతారి నవ్వు కాస్త సన్నబడింది. అంతలోనే సర్దుకున్నాడు. "అలాగైతే ఎవరో ఎప్పుడో ఉతికుంటారు. నేను పొరబడ్డాను, సంతోషం. పొరపాటు నేరం కాదుగా?"

"కాదు. ఉతికుంటే మాత్రం లోపలా బయటా తడుస్తుంది." తోదో జాకెట్ కుడిజేబు లోపలి గుడ్డని మెల్లగా బయటికి తిప్పింది. దీపం సవతారి చేతిలోంచే తీసుకుని కుట్టుకు ఆనించింది.

చీకటి. ఎడమజేబు తిప్పింది. అక్కడా చీకటే. ఒక్క పోగు కూడా మెరవలేదు.

"దీన్ని ఎవరూ ఉతకలేదు. గుడ్డతో తుడిచారు. బయటినుంచి చెయ్యి అందినంతమేరా తుడిచారు. లోపల ఎవరు చూస్తారులే అనుకున్నారు. నిజంగా పరీక్షించినవాడైతే ఇది చూసేవాడు. చూడకుండానే చూశానని సంతకం పెట్టిన మనిషికి, చూస్తే ఏం కనపడుతుందో ముందే తెలుసు. నగుమొ గారూ, ఎనత్సు గారు తిరిగిచ్చాక, మంగళవారం లోపల, ఈ పెట్టె ఎవరికోసం తెరిచారు?"

నగుమొ తడబడ్డాడు. "తాళం నా మెళ్ళోనే ఉంటుంది. ఒక్కసారే తెరిచాను... శనివారం పొద్దున్న పదకొండూ ఇరవైకి. కొలతలు చూసుకుంటానని సవతారి గారడిగితే... నేను టీ పెట్టడానికి వెనక్కెళ్ళాను. పదినిమిషాలు."

సవతారి చెయ్యి చంకలోని తోలుసంచీని ఇంకాస్త బిగించింది. గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్న సామెత హదానోకి కూడా తెలిసినట్టే ఉంది. లైటు స్విచ్ తనే వేసి, చెయ్యి చాచాడు.

"సంచీ ఇవ్వండి."

"వారంటుందా?"

"స్టేషనుకొస్తే అదీ చూపిస్తాను, తీరిగ్గా. ఇక్కడే ఇస్తే మర్యాదగా ఉంటుంది."

సంచీలో కొలతల టేపులు, భూతద్దం, సర్టిఫికెట్ల పుస్తకం. పుస్తకంలో పై కాగితం నింపి, ముద్రకొట్టి తయారుగా ఉంది. హదానో దాన్ని పైకే చదవడం మొదలుపెట్టి మధ్యలో ఆగాడు.

"ఇది వేరే జాకెట్. ఒసాకాలో ఎవరిదో. 'లోపలా బయటా పరీక్షించాను, నకిలీ'... సంతకం ఉంది. తేదీ..." కాగితం దగ్గరగా పెట్టుకుని మళ్ళీ చూశాడు. "తేదీ రేపటిది!"

రేపు చూడబోయే జాకెట్‌కి ఇవాళే తీర్పు రాసేశాడన్నమాట. అసలువాటిని నకిలీలని తేల్చి, తర్వాత చవగ్గా కొట్టెయ్యడమే సవతారి వ్యాపారం. కానిస్టేబుళ్ళిద్దరూ తండ్రీ కూతుళ్ళని వదిలేసి అతని పక్కకి జరిగారు. హదానో నగుమొ ఫోను అందుకుని ఒసాకా స్టేషనుకి డయల్ చేస్తూ, తోదో వైపు చూడకుండానే అన్నాడు.

"ఆ రెండు ఒప్పుకోళ్ళూ నా బల్లమీదున్నాయి. జరగని దొంగతనానికి ఇద్దరు దొంగలు. నేనిప్పుడు పైవాళ్ళకేం చెప్పను?"

"కుట్టుపనివాళ్ళకి లెక్క కుదర్లేదని చెప్పండి."

మూడూ యాభైరెండు. ఎనత్సు గాజుపెట్టె దగ్గరికి వచ్చాడు. ఈసారి ఎవరూ ఆపలేదు. జాకెట్ జేబులో చెయ్యి పెట్టి కళ్ళు మూసుకున్నాడు. బొటనవేలి గోటితో కుట్లు తడుముతూ పోయాడు. చాలాసేపటికి కళ్ళు తెరిచాడు.

"నేను తిరిగిచ్చింది ఇదే," అన్నాడు.

మిచిరు రెండడుగుల దూరంలో ఆగింది. "నాన్నా! నేను దొంగతనం చేశానని నిజంగా అనుకున్నావా?"

"నువ్వు?"

"నేనూ అనుకున్నాను. నువ్వని." ఆమె ఏడుస్తోందో నవ్వుతోందో చెప్పడం కష్టం. "నీ బదులు నేను జైలుకి వెళ్దామనుకున్నాను."

ముసలాయన జేబులోంచి చెయ్యి తీయలేదు. కూతురి వైపు తిరిగి, అందరి ముందూ నడుం వంచి తల దించాడు. కోబెలో ఏ తండ్రీ కూతురికి అంతసేపు తల దించడం తోదో చూడలేదు. పోలీస్ స్టేషన్ గదిలో ఆ గొంతులో భయంతో పాటు వినిపించిందేమిటో ఆమెకి ఇప్పుడు తెలిసింది. అది గర్వం.

"దొంగవనుకున్నందుకు క్షమించు తల్లీ," అన్నాడు ఎనత్సు. "ఇంత బాగా కుట్టావనుకున్నందుకు మాత్రం క్షమాపణ అడగను."